ఫోన్ లేకుండా డ్రోన్ ఎగరేయడం: రిమోట్, కళ్లు, కాస్త లెక్క

మే నెల. నూజివీడు దగ్గర మా మామయ్య వాళ్ల మామిడి తోట. పొద్దున పదిన్నరకే ఎండ మాడ్చేస్తోంది. డ్రోన్ తోట మీద నలభై మీటర్ల ఎత్తులో ఉంది, నేను తల వంచుకుని ఫోన్‌లో ఫ్రేమ్ సరిచేసుకుంటున్నాను, ఉన్నట్టుండి స్క్రీన్ మసకబారింది, బాగా వేడెక్కానని ఏదో రెండు ముక్కలు చూపించింది, నల్లగా అయిపోయింది. అంతే. పక్కనే తువ్వాలు నెత్తిన వేసుకుని నిలబడ్డ మామయ్య, "ఏంట్రా అల్లుడూ, దీనిక్కూడా కరెంటు పోయిందా?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. చేతులు చెమటలు పట్టేశాయి.

తలెత్తి చూస్తే డ్రోన్ ఎక్కడిదక్కడే ఉంది. జుయ్ మని చప్పుడు, కదలకుండా. దానికి ఏమీ కాలేదు, పోయింది నా చేతిలో ఉన్న టీవీ మాత్రమే, టీవీ ఆగితే మ్యాచ్ ఆగదు కదా. ఆ రోజు ఎలాగో దింపేశాను గానీ, తర్వాత కావాలనే ఫోన్ తగిలించకుండా ఎగరేయడం మొదలుపెట్టాను. ఇప్పుడు సగం సార్లు అలాగే ఎగరేస్తున్నాను. అది ఎలాగో, ఎక్కడ జాగ్రత్తపడాలో మొత్తం రాస్తున్నాను.

ముందే ఒక మాట. నేను వాడేది డీజేఐ మినీ 2, దాంతో వచ్చే ఆర్‌సీ-ఎన్1 రిమోట్, అంటే ఫోన్‌ని పైన క్లిప్పులో పెట్టి కేబుల్‌తో తగిలించే రకం. కింద ఇచ్చే వేగాలు, అంకెలు మినీ 2వి. ఇదే రిమోట్‌తో వచ్చే మావిక్ ఎయిర్ 2, మినీ 3 లాంటి వాటికీ పద్ధతి ఇదే, అంకెలు మాత్రం మీ డ్రోన్ మాన్యువల్‌లో చూసుకోండి. రిమోట్‌లోనే స్క్రీన్ ఉన్నవాళ్లకి ఈ బాధే లేదు, యాప్ దాని లోపలే ఉంటుంది.

ఫోన్ లేకపోతే ఏం పోతుంది, ఏం మిగులుతుంది

చాలామంది ఫోనే డ్రోన్‌ని నడుపుతోందని అనుకుంటారు. కాదు. మీరు స్టిక్ కదిపితే ఆ సిగ్నల్ రిమోట్ నుంచి నేరుగా డ్రోన్‌కి పోతుంది. డ్రోన్ పంపే వీడియో, ఎత్తు, దూరం, బ్యాటరీ లెక్క అన్నీ తిరిగి రిమోట్‌కి వస్తాయి, వాటిని కేబుల్ మీదుగా తీసుకుని చూపించడమే ఫోన్ పని. గాల్లో నిలకడగా ఉండటానికి కావలసిన జీపీఎస్, కింద వైపు సెన్సార్లు డ్రోన్‌లోనే ఉన్నాయి.

కాబట్టి స్టిక్‌లు పనిచేస్తాయి, వేగం మార్చే సినీ-నార్మల్-స్పోర్ట్ మీట పనిచేస్తుంది, కెమెరాని పైకీ కిందికీ వంచే గింబల్ చక్రం పనిచేస్తుంది, రికార్డింగ్ బటన్ పనిచేస్తుంది, అన్నిటికంటే ముఖ్యం, ఇంటికి, అంటే లేచిన చోటికి, రమ్మనే రిటర్న్ టు హోమ్ బటన్ పనిచేస్తుంది. సిగ్నల్ తెగిపోతే మీరు ముందే చెప్పిపెట్టిన పని చేస్తుంది. బ్యాటరీ తగ్గితే రిమోట్ బీప్ బీప్ మంటుంది.

పోయేవి: ఎదురుగా బొమ్మ, ఎత్తు ఎంతో, దూరం ఎంతో, బ్యాటరీ శాతం, మ్యాపు, గాలి ఎక్కువగా ఉందనే హెచ్చరిక, ఇక్కడ ఎగరేయకూడదనే హెచ్చరిక, కెమెరా సెట్టింగులు మార్చడం, ఒక్క నొక్కుతో చుట్టూ తిరిగే క్విక్‌షాట్లు. ఈ పోయిన వాటిలో మొదటి నాలుగింటినీ మనం కళ్లతో, చేతి గడియారంతో, చిన్న లెక్కలతో భర్తీ చేసుకుంటాం. మిగతావి ఇంటి దగ్గరే చూసుకుని బయల్దేరాలి.

ఒకటి మాత్రం తప్పదు. కొత్త డ్రోన్‌ని మొదటిసారి యాక్టివేట్ చేయడానికి యాప్ ఉండాల్సిందే, డబ్బా విప్పి నేరుగా ఎగరేద్దామంటే కుదరదు. లాగిన్ సరిగ్గా జరగకపోయినా చిక్కే. లాగిన్ లేకపోయినా, ఎగిరేటప్పుడు యాప్‌కి కలిపి లేకపోయినా ముప్పై మీటర్ల ఎత్తు, యాభై మీటర్ల దూరం దాటనివ్వదని కంపెనీ మాన్యువల్ చెబుతుంది. మీ డ్రోన్ సరిగ్గా ముప్పై మీటర్ల దగ్గర మొండికేస్తుంటే ముందు అనుమానించాల్సింది దాన్నే, అప్పుడు కింద నేనిచ్చే ఎత్తులూ దూరాలూ ఆ హద్దు లోపలికే తగ్గించుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్ మార్చినవాళ్లు ప్లే స్టోర్‌లో డీజేఐ ఫ్లై అనే ఈ యాప్ కోసం వెతికి వెతికి అలసిపోతుంటారు, అది అక్కడ ఉండదు, కంపెనీ సైటు నుంచే దించుకోవాలి.

ఇంటి దగ్గర, యాప్‌తో ఒక్కసారి

ఈ పనికి ఒక సాయంత్రం కేటాయించండి. ఇక్కడ పెట్టింది డ్రోన్ గుర్తుపెట్టుకుంటుంది, తర్వాత ఫోన్ లేకుండా ఎగరేసినప్పుడు అదే పాటిస్తుంది.

అన్నిటికంటే ముందు రిటర్న్ టు హోమ్ ఎత్తు. మినీ 2కి ముందువైపు అడ్డంకులు కనిపెట్టే సెన్సార్లు లేవు, ఇంటికి వచ్చేటప్పుడు దారిలో కొబ్బరిచెట్టు ఉంటే దానికి తెలియదు, గుద్దేస్తుంది. మీరు ఎగరేసే చోట అన్నిటికంటే ఎత్తయినది ఏదో చూసుకుని దానికి ఇంకో పదిహేను, ఇరవై మీటర్లు కలిపి పెట్టండి. కోనసీమ వైపు కొబ్బరితోటల మధ్యయితే నేను యాభై పెడతాను. దగ్గరలో సెల్ టవర్ ఉంటే ఆ లెక్క వేరు, టవర్ పక్కన ఎగరేయకపోవడమే మేలు.

గరిష్ఠ ఎత్తు 120 మీటర్లు పెట్టండి, అదెందుకో కింద చెప్తాను. గరిష్ఠ దూరం 100 మీటర్లు. ఇది చూసి కొందరు నవ్వుతారు, కిలోమీటర్లు పోయే డ్రోన్‌కి వంద మీటర్లా అని. బొమ్మ కనిపించకుండా ఎగరేసేవాడికి కంటికి కనిపించినంతే దూరం, ఈ హద్దు పెట్టుకుంటే ఏదైనా పొరపాటు జరిగినా అది ఊరు దాటిపోదు. సిగ్నల్ పోతే ఏం చేయాలన్న చోట 'రిటర్న్ టు హోమ్' ఉందో లేదో చూడండి. 'హోవర్' అని ఉంటే అక్కడే నిలబడి బ్యాటరీ కాల్చుకుంటుంది.

కెమెరా వీడియోలో ఉండాలి, ఫోటోలో కాదు. ఈ రిమోట్ మీద ఫోటోకీ వీడియోకీ మార్చే బటన్ ఉంది గానీ, ఇప్పుడు దేంట్లో ఉన్నామో చెప్పే గుర్తు ఏదీ లేదు, ఫోన్ లేకపోతే అది గుడ్డి ఆట. అందుకే నా పద్ధతి మొరటుది: 4కే వీడియోలో పెట్టేసి ఆ మార్చే బటన్ వైపు వేలు కూడా పోనివ్వను, ఫోటోలు కావాలంటే తర్వాత వీడియోలోంచి ఫ్రేములు తీసుకుంటాను. 4కే ఫ్రేమ్ అంటే 3840 బై 2160, ఎనిమిది మెగాపిక్సెళ్ల పైమాటే, వాట్సాప్ గ్రూపుకీ ఇంట్లో ఫ్రేమ్ కట్టించుకోవడానికీ దండిగా సరిపోతుంది. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ రెండూ ఆటోలో వదిలేయండి. నిన్న సాయంత్రం మాన్యువల్‌లో పెట్టి మర్చిపోయి, ఇవాళ పొద్దున ఎగరేస్తే మొత్తం తెల్లగా సున్నం కొట్టినట్టు వస్తుంది, నాకు వచ్చింది.

కార్డు ఖాళీ చేసి ఫార్మాట్ చేయండి. మినీ 2కి లోపల స్టోరేజీ లేదు, కార్డు మర్చిపోతే ఎగిరినంతా గాలికే, పైగా ఫోన్ లేదు కాబట్టి కార్డు లేదని చెప్పేవాడూ ఉండడు. 4కే గరిష్ఠంగా సెకనుకి వంద మెగాబిట్లు తీసుకుంటుంది, అంటే పదిహేను నిమిషాలకి 11 జీబీ పైన. 32 జీబీ కార్డు రెండు బ్యాటరీలకి హాయిగా వస్తుంది.

రిమోట్ ముందువైపు ఎఫ్‌ఎన్ అని చిన్న బటన్ ఉంటుంది, దానికి కెమెరాని నిటారు చేసే పని అప్పగించండి. కంపాస్ కాలిబ్రేషన్, అంటే దిక్సూచి సరిచేయడం, అడిగితే అప్పుడే చేసేయండి, ఫోన్ లేకుండా అది చేయలేం. ఇంకోటి, రేపు పొద్దున ఫంక్షన్ ఉందనగా రాత్రి అప్‌డేట్ వచ్చిందని నొక్కకండి. దయచేసి.

అన్నీ అయ్యాక ఫోన్ పీకేసి, డ్రోన్ ఆపి మళ్లీ ఆన్ చేసి, పెరట్లో రెండు మీటర్లు లేపి ఒక నిమిషం రికార్డ్ చేసి దింపి, కార్డు తీసి ల్యాప్‌టాప్‌లో చూడండి. వీడియో వచ్చిందా? వస్తే రేపటికి మీరు రెడీ.

చోటు

మన దగ్గర అందరూ చేసే తప్పు డాబా మీద నుంచి ఎగరేయడం. శ్లాబులో ఇనుప చువ్వలు ఉంటాయి, డ్రోన్‌ని నేల మీద పెడితే దాని దిక్సూచి పక్కనే ఇనుము ఉన్నట్టే, తల తిరిగినట్టు ప్రవర్తిస్తుంది. కారు బానెట్ కూడా అంతే. తప్పనిసరై డాబానే అయితే ఒక ప్లాస్టిక్ స్టూలు వేసి దాని మీద పెట్టండి. మట్టి నేలయితే దుమ్ము, ఎండుగడ్డి మోటార్లలోకి పోకుండా చాపో, గోనెసంచో పరవండి, అంచుల మీద రాళ్లు పెట్టడం మర్చిపోవద్దు, ఫ్యాన్ల గాలికి సంచి లేచి రెక్కలకి చుట్టుకుంటుంది.

తర్వాత తలెత్తి ఒక్కసారి చుట్టూ తిరగండి. సర్వీసు వైర్లు, వీధి లైను, పొలాల మీద 11 కేవీ లైను, కేబుల్ టీవీ వాళ్లు చెట్టుకీ స్తంభానికీ కట్టిన తీగలు. కెమెరాలోనే కనిపించని తీగలు మన కంటికి యాభై మీటర్ల నుంచి అసలు కనిపించవు, కాబట్టి స్తంభాలు చూసి తీగలు ఎటు పోతున్నాయో ఊహించుకోవాలి. సంక్రాంతి మూడు రోజులూ ఊళ్లో డ్రోన్ బయటికి తీయకండి, మాంజాకి రెక్క తగిలితే చాలు. గద్దలు వచ్చి చుట్టూ తిరుగుతుంటే దింపేయడమే.

చెరువు మీద, కాలువ మీద తక్కువ ఎత్తులో పోకండి. కింద వైపు సెన్సార్లు నీళ్ల కదలికని నేల అనుకుని తికమకపడతాయి. ఫోన్ ఉంటేనే కష్టం, లేకుండా అసలొద్దు.

రూల్స్ సంగతి. ఫోన్‌లో యాప్ ఉంటే నిషేధిత ప్రాంతమైతే ఎర్రగా చూపిస్తుంది, ఇప్పుడు అదీ లేదు, కాబట్టి బయల్దేరే ముందే డిజిటల్ స్కై అనే ప్రభుత్వ డ్రోన్ మ్యాపులో ఆ చోటు వెతుక్కోవాలి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం గ్రీన్ జోన్‌లో 400 అడుగుల వరకు అనుమతి అక్కర్లేదు, మనం పెట్టుకున్న 120 మీటర్లు అందుకే. రెడ్ జోన్‌లో కేంద్రం అనుమతి లేకుండా లేపకూడదు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగులు దాటితే యెల్లో, అంటే ముందు అనుమతి తీసుకోవాలి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు శంషాబాద్‌తో పాటు బేగంపేట, హకీంపేట, దుండిగల్ కూడా గుర్తుపెట్టుకోవాలి, మన కాలనీ ఎక్కడో దూరంగా ఉందనుకుంటాం గానీ మ్యాపు తెరిస్తే రంగు వేరుగా ఉంటుంది. మ్యాపు ఒక్కటే కాదు, స్థానిక పోలీసుల ఆంక్షలేమైనా ఉన్నాయేమో కూడా కనుక్కోండి. 250 గ్రాముల లోపు డ్రోన్లు నానో తరగతి, వాటికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. మినీ 2 బరువు 249 గ్రాముల లోపే, అంటే అంచు మీద ఉంది. బాగా కనిపించాలని దాని మీద స్టిక్కర్లు, లైట్లు అంటించేవాళ్లు వంటింటి త్రాసు మీద ఒకసారి తూచుకోండి.

లేపడం

ముందు రిమోట్ ఆన్ చేయండి: బటన్ ఒకసారి నొక్కి వదిలి, మళ్లీ నొక్కి పట్టుకోవాలి. డ్రోన్‌కీ అంతే. బ్యాటరీ మీద నాలుగు లైట్లూ నిండుగా ఉంటేనే ఎగరేయండి. ఫోన్ ఉన్నప్పుడు మూడు లైట్లతో సర్దుకోవచ్చు, లేనప్పుడు వద్దు. డ్రోన్ తోక మీ వైపు, ముక్కు అవతలికి.

ఇప్పుడు తోక వైపు ఉన్న చిన్న లైటుని చూస్తూ కూర్చోండి. మొదట రంగులు మారుతూ మెరుస్తుంది, అది తనని తాను చూసుకోవడం. తర్వాత పచ్చగా నెమ్మదిగా మెరవాలి, అంటే జీపీఎస్ దొరికినట్టు. పసుపు నెమ్మదిగా మెరుస్తుంటే జీపీఎస్ లేదు, లేపకండి. ఎరుపు, పసుపు మార్చి మార్చి వస్తుంటే కంపాస్ కాలిబ్రేషన్ అడుగుతోంది, చోటు మార్చి చూడండి, అప్పటికీ అదే అయితే ఇవాళ్టికి మూట కట్టేయండి. పచ్చ వచ్చాక కూడా నేను ఇంకో నిమిషం ఆగుతాను. ఎందుకంటే 'ఇల్లు' ఎక్కడో అది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి, ఆ గుర్తు పడిందని చెప్పే గొంతు ఫోన్‌లోది, అది ఇప్పుడు లేదు. ఇల్లు తెలియని డ్రోన్‌కి ఇంటికి రమ్మంటే ఏం లాభం?

రికార్డింగ్ బటన్ ఇప్పుడే, నేల మీదే నొక్కేయండి. గాల్లోకి వెళ్లాక ఆన్ చేశానా లేదా అనే టెన్షన్ ఉండదు, మొత్తం రికార్డ్ అవుతూనే ఉంటుంది, అక్కర్లేనిది తర్వాత కోసేసుకోవచ్చు.

రెండు స్టిక్‌లూ కిందికి, లోపలి వైపుకి ఒకేసారి లాగితే మోటార్లు తిరుగుతాయి. వదిలేసి ఎడమ స్టిక్ మెల్లగా పైకి. రెండు మీటర్లు లేచాక చేతులు తీసేసి పది సెకన్లు చూడండి. కదలకుండా నిలబడిందా? పక్కకి జారిపోతోందా? జారుతుంటే దింపేయండి. నిలబడితే నాలుగు దిక్కులకీ ఒక్కో మీటరు కదిపి చూసి పైకి వెళ్లండి.

ఎత్తు తెలిసేదెలా

ఇది నాకు బాగా నచ్చిన భాగం. మినీ 2 నార్మల్ మోడ్‌లో స్టిక్ పూర్తిగా పైకి తోస్తే సెకనుకి 3 మీటర్లు ఎక్కుతుంది. సినీలో 2, స్పోర్ట్‌లో 5. అంటే నార్మల్‌లో పది సెకన్లంటే ముప్పై మీటర్లు, నలభై సెకన్లంటే 120. స్టిక్ సగం తోస్తే లెక్క తప్పుతుంది, తోస్తే పూర్తిగా తోయండి, లేకపోతే వదిలేయండి. వేగం అందుకోవడానికి మొదట్లో ఒక సెకను కలుపుకోండి. పక్కన పిల్లలు ఉంటే గట్టిగా లెక్కపెట్టమనండి, వాళ్లకి అదో ఆట, మీకు గడియారం చూసే పని తప్పుతుంది.

దూరానికీ ఇలాగే చేయొచ్చు, నార్మల్‌లో సెకనుకి గరిష్ఠంగా 10 మీటర్లు, సినీలో 6. కానీ దూరం విషయంలో లెక్క కంటే కన్నే నమ్మకం. ఫ్యాన్లు లెక్కలోకి తీసుకోకపోతే, విప్పిన మినీ 2 వెడల్పు ఇరవై సెంటీమీటర్లు, వంద మీటర్ల దూరంలో అది మీరు చాచిన చేతిలో ఆవగింజంత కనిపిస్తుంది. ఉందని తెలుస్తుంది, ముక్కు ఎటో తోక ఎటో తెలియదు. నేను అరవై, డెబ్బై దాటను, దూరం నడిపేటప్పుడు సినీ మోడ్ తప్ప వాడను.

దిక్కు తప్పితే? స్టిక్‌లు వదిలేయండి, అది నిలబడుతుంది. కుడి స్టిక్‌ని కొద్దిగా కుడికి తోయండి. డ్రోన్ మీ కుడికే కదిలితే తోక మీ వైపు ఉంది, వెనక్కి లాగితే వచ్చేస్తుంది. ఎడమకి కదిలితే ముక్కు మీ వైపు ఉంది, ముందుకి తోయాలి. మీ వైపుకో, మీ నుంచి దూరంగానో కదిలితే అడ్డంగా తిరిగి ఉంది, ఎడమ స్టిక్‌తో పావు చుట్టు తిప్పి మళ్లీ చూడండి. కొత్తలో అసలు తిప్పకపోవడం ఉత్తమం, తోక మీ వైపే ఉంచి ముందుకి, వెనక్కి, పక్కలకి మాత్రమే నడపండి.

బొమ్మ కనిపించకుండా ఫ్రేమ్ పెట్టడం

అసలు చిక్కు ఇక్కడే, అసలు మజా కూడా ఇక్కడే. ఈ కెమెరా నేరుగా కిందికి చూస్తుంటే, ఎంత ఎత్తులో ఉంటే దానికి ఒకటింబావు కంటే కాస్త ఎక్కువ వెడల్పు ఫ్రేములో పడుతుంది, ఎత్తుని 1.3తో గుణించండి. నిలువు వైపు ముప్పావు వంతు. నలభై మీటర్ల ఎత్తు నుంచి 52 మీటర్ల వెడల్పు, 30 మీటర్ల నిలువు. ఎకరం పొలం చదరంగా ఉంటే ఒక్కో పక్క 64 మీటర్లు, అది మొత్తం వీడియోలో పట్టాలంటే 85 మీటర్లు ఎక్కాలి, అంటే నార్మల్‌లో ఇరవై ఎనిమిది సెకన్లు. మామయ్య తోట రెండెకరాలు, ఒక్క ఫ్రేములో పట్టించలేదు, రెండు ముక్కలుగా తీశాను.

ఏటవాలుగా తీయాలంటే ఇంకా సులువు. కెమెరాని 45 డిగ్రీలకి వంచితే, డ్రోన్ ఎంత ఎత్తులో ఉందో అంతే దూరంలో ఉన్న చోటు ఫ్రేము మధ్యలోకి వస్తుంది. ముప్పై మీటర్ల ఎత్తు, ముప్పై మీటర్ల ముందు. కాబట్టి గాల్లో డ్రోన్‌ని ముందుకీ వెనక్కీ నడిపి తంటాలు పడేకంటే మీరే నడవండి. ఇల్లు తీయాలా? ఇంటి గుమ్మం నుంచి వెనక్కి నలభై అడుగులు వేయండి, మామూలు నడకలో నలభై అడుగులంటే దాదాపు ముప్పై మీటర్లు. అక్కడ డ్రోన్ పెట్టి, ముక్కు ఇంటి వైపు తిప్పి, గింబల్ చక్రంతో కెమెరాని పక్క నుంచి చూస్తూ సగానికి వంచండి, నేల మీద ఉండగానే. ఇక నార్మల్‌లో నిటారుగా పది సెకన్లు లేపండి. అంతే, ఇల్లు మధ్యలో ఉంటుంది. డ్రోన్ కింద నిలబడ్డ మీరు ఫ్రేములో పడరు కూడా, ఆ కోణం అక్కడిదాకా రాదు.

మా చెల్లెలి గృహప్రవేశం ఇలాగే తీశాను. ఒక్క స్టిక్ కదిపాను, ఎడమది, పైకి. పైన ఐదు సెకన్లు ఆగి, దింపేశాను. ల్యాప్‌టాప్‌లో చూస్తే గుమ్మం, మామిడాకుల తోరణం, షామియానా అంచు, వంటవాళ్ల పొగ, అన్నీ వచ్చాయి, ఫోన్ పట్టుకుని పావుగంట కుస్తీ పడ్డా నేను అంత నిదానంగా లేచే షాట్ ఎప్పుడూ తీయలేదు. ఇల్లు మాత్రం రెండు డిగ్రీలు పక్కకి తిరిగి ఉంది, ముక్కు సరిగ్గా పెట్టలేదన్నమాట. అందుకని ఇప్పుడు డ్రోన్ వెనకాల బోర్లా పడుకుని, తుపాకీ గురిపెట్టినట్టు ఒక కన్ను మూసి చూసి పెడుతున్నాను. చూసేవాళ్లు నవ్వుకుంటారు, నవ్వుకోనీండి.

తిరిగి రావడం

మినీ 2 బ్యాటరీ 31 నిమిషాలు అని రాస్తారు, అది గాలి లేనప్పటి లెక్క. శాతం కనిపించనప్పుడు నేను లేపగానే చేతి గడియారంలో పన్నెండు నిమిషాలకి అలారం పెడతాను, మోగగానే ఏం తీస్తున్నా వదిలేసి వెనక్కి. పదిహేనోది దాటకుండా నేల మీద ఉండాలి. రిమోట్ బీప్ కొట్టేదాకా ఆగడం అంటే రిజర్వులో పడ్డాక బంకు వెతుక్కోవడమే.

గాలి సంగతి: కింద ఆకు కదలకపోయినా అరవై మీటర్ల మీద గాలి వేరు. ఎప్పుడూ గాలికి ఎదురు వైపుకే ముందు వెళ్లండి, అప్పుడు వచ్చేటప్పుడు గాలే తోసుకొస్తుంది. సినీ మోడ్‌లో వెనక్కి లాగినా రావట్లేదంటే నార్మల్‌కో స్పోర్ట్‌కో మార్చండి, ఎత్తు తగ్గించండి.

రిటర్న్ టు హోమ్ బటన్‌ని ఒకసారి నొక్కితే బ్రేకు పడి ఆగుతుంది, నొక్కి పట్టుకుంటే ఇంటికి బయల్దేరుతుంది. మళ్లీ నొక్కితే రద్దు. ఇరవై మీటర్ల కంటే దూరంగా ఉంటే మీరు పెట్టిన ఎత్తుకి లేచి వస్తుంది, అంతకంటే దగ్గరుంటే ఆ ఎత్తుకి లేవకపోవచ్చు. దగ్గరగా ఉన్నప్పుడు చేత్తోనే తెచ్చుకోండి.

దిగాక ఎడమ స్టిక్ కిందికి లాగి మోటార్లు ఆగేదాకా పట్టుకోండి. ఆగగానే రికార్డింగ్ బటన్ నొక్కి ఆపండి, ఆ తర్వాతే డ్రోన్ ఆపండి. ఈ వరుస తిరగేస్తే చివరి వీడియో ఫైలు తెరుచుకోకపోవచ్చు. అలా అయినా కంగారుపడకుండా కార్డు మళ్లీ డ్రోన్‌లోనే పెట్టి ఆన్ చేసి రెండు నిమిషాలు వదిలేస్తే చాలాసార్లు అదే బాగుచేసుకుంటుంది.

మధ్యలో ఫోన్ ఆరిపోతే

కావాలని కాదు, నాకు మామిడితోటలో అయినట్టు అయితే. స్టిక్‌లు వదలండి. తల పైకెత్తండి, డ్రోన్‌ని కంటితో వెతికి పట్టుకున్నాక ఇక చూపు తిప్పొద్దు. కేబుల్ పీకి పెట్టడం, ఫోన్ రీస్టార్ట్ చేయడం పక్కవాళ్లకి అప్పగించండి, రిమోట్ మాత్రం ఆపొద్దు. కనిపిస్తుంటే మెల్లగా చేత్తో తెచ్చుకోండి. కనిపించకపోతే, రిటర్న్ బటన్ నొక్కి పట్టుకుని చప్పుడు కోసం చెవులు రిక్కించండి. ఎండాకాలంలో అసలు మందు పొద్దున్నే ఎనిమిదిలోపు పని ముగించడం. ఈ డ్రోన్‌కి కంపెనీ చెప్పిన హద్దు 40 డిగ్రీలు, మన మే నెల మధ్యాహ్నాలు దాన్ని ఎప్పుడో దాటేస్తాయి, ఫోన్ ముందు చేతులెత్తేస్తుంది, అంతే తేడా.

అసలు యాప్ అక్కర్లేని డ్రోన్లు

ఇంత లెక్కలు ఎవడు చేస్తాడు అనేవాళ్ల కోసం: డీజేఐ నియో (135 గ్రాములు), హోవర్‌ఎయిర్ ఎక్స్1 (125 గ్రాములు) లాంటివి అరచేతిలో పెట్టుకుని దాని మీద బటన్‌తో మోడ్ ఎంచుకుంటే లేచి, మన చుట్టూ తిరిగి, మళ్లీ చేతిలోనే వాలతాయి. నియోకి కూడా మొదటి యాక్టివేషన్‌కి యాప్ కావాలి. మనుషుల్ని తీయడానికి బాగుంటాయి, పొలాలకీ ఇళ్లకీ కాదు. విదేశీ డ్రోన్ల దిగుమతిని మన ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో నిషేధించిందని గుర్తుంచుకోండి, అమెరికా నుంచి వచ్చే బావగారి సూట్‌కేసులో తెప్పించుకుందామనే ప్లాన్ కస్టమ్స్ దగ్గర ఆగిపోవచ్చు. ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లకి పాత టెల్లో ఒక మంచి బొమ్మ, 80 గ్రాములు, దాని వైఫైకి ల్యాప్‌టాప్ కలిపి పైథాన్‌లో నాలుగు లైన్లు రాస్తే 'టేకాఫ్' అనగానే లేస్తుంది. మా అబ్బాయి దాన్ని హాల్లో ఎగరేసి ఫ్యాన్‌కి తగిలించాడు, కాబట్టి ముందు ఫ్యాన్ ఆపండి.